విరమణ లేని ఉపవాసం

మా వీధిలో నన్ను తిండికి తిమ్మరాజు అనేవారు. పనికి కూడా తిమ్మరాజునే అని చూపించడానికి బరువులెత్తడం మొదలుపెట్టాను. నరసాపురంలో మా కాలేజీ వెనక రేకుల షెడ్డులో, ఇనుపరాడ్డు తల మీదికి లేపి నిలబడితే, వెక్కిరించినవాళ్ళంతా మరీ చిన్నగా కనిపించేవారు.

రాష్ట్రపోటీలకి జట్టును ఎంచే ఏడాది కోచ్ సార్ నన్ను తూకం మిషను ఎక్కించి పెదవి విరిచారు.

"కింది బరువు కేటగిరీలో పోటీ తక్కువమ్మా. కాస్త నోరు కట్టుకో. ఆడపిల్లవి, సన్నబడితే చూడ్డానికీ బాగుంటావు."

ఆ చివరి మాట ఒంట్లో దిగిపోయింది. అంతవరకు గర్వంగా చూసుకున్న నా భుజాలు, తొడలు అద్దంలో చూస్తే నాకే అసహ్యమేసింది.

సరిగ్గా అప్పుడే శ్రమకాలం వచ్చింది. మాది లూథరన్ కుటుంబం. ఈస్టర్ ముందు ఆ నలభై రోజులూ మా పెద్దవాళ్ళు పగలంతా ఉపవాసముండి, సాయంత్రం ప్రార్థనయ్యాక తింటారు. నేనూ ఉంటానన్నాను. సాయంత్రం అందరూ తింటుంటే "నాది రేపటిదాకా" అనేదాన్ని. నాన్నమ్మ మురిసిపోయి, చర్చిలో స్త్రీల కూటంలో నన్ను చూపించి "ఈ వయసులో ఎంత భక్తో చూడండి" అంది. అందరూ స్తోత్రం చెప్పారు. మెట్లెక్కితే కళ్ళు తిరుగుతున్నాయని, దువ్వెన నిండా జుట్టు వస్తోందని, ఎండలో కూడా చలేస్తోందని నేను ఎవరికీ చెప్పలేదు. నెలసరి ఆగిపోతే పీడా పోయిందనుకున్నాను.

ఈస్టర్ నాడు తెల్లవారుజామున సమాధుల దగ్గర ఆరాధన అయ్యాక ఇంటికొచ్చాం. అమ్మ కోడి పలావు వడ్డించింది. నేను కంచం పక్కకి జరిపి "ఇంకా ఉపవాసంలో ఉన్నాను" అన్నాను.

అమ్మ గరిటె గిన్నెలో పడేసి నా వైపు తిరిగింది.

"ప్రభువు లేచాడే! ఇంకా ఎవరికోసమే నీ ఉపవాసం?"

"సార్... కేటగిరీ..." అని నసిగాను. అమ్మ నా జబ్బ పట్టుకు చూసింది. నెలనెలా వస్తోందా అని అడిగింది. తల అడ్డంగా ఊపాను. నాన్నమ్మ ఏడుపందుకుంది.

మర్నాడు డాక్టరమ్మ ఇది జబ్బేనని, ఇలాగే ఉంటే ఎముకలు కూడా పాడవుతాయని చెప్పింది. అమ్మ నన్ను అటునుంచి అటే షెడ్డుకి తీసుకెళ్ళింది.

"దీని బరువు తగ్గించాలంటే ముందు నన్నడగాలండి. కడుపులో మోసినదాన్ని నేను."

"పై కేటగిరీలో గట్టివాళ్ళున్నారండి, చోటు కష్టం" అన్నారు సార్.

"ఉంటే ఉన్నారు సార్. నేనూ తిని గట్టిపడతాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

తినడం ఒక్కరోజులో తిరిగి రాలేదు. ముద్ద దిగక ఏడ్చేదాన్ని. ఆసుపత్రికి చాలాసార్లు తిరిగాం. కొన్నాళ్ళు కేవలం కోపంతో తిన్నాను. ఆ ఏడాది జట్టులో చోటు పోయింది. తర్వాత నా బరువు కేటగిరీలోనే పోటీకి వెళ్ళి ఎత్తాను. మెడల్ వచ్చిందా అని అడక్కండి. నెలసరి వచ్చింది.

ఇప్పుడు నేను రావులపాలెం దగ్గర ఒక స్కూల్లో పీఈటీని. పోటీలు దగ్గరపడితే పిల్లలకి భక్తి పెరుగుతుంది. ఒకరు శనివారం అంటారు, ఒకరు కార్తీకమాసం అంటారు, మావాళ్ళు శ్రమకాలం అంటారు. నేను కాదనను. "ఎప్పుడు విరమిస్తావు?" అని మాత్రం అడుగుతాను. చెప్పలేక నేల చూసే పిల్లని ఆరోజు గ్రౌండులోకి దిగనివ్వను.

"మెడల్స్ పోతాయండి" అంటారు ప్రిన్సిపాల్ గారు.

పోనివ్వండి అంటాను. ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళమ్మకి ఫోన్ చేసి, నా క్యారేజీ మూత తీస్తాను.

"ఎవరికోసమమ్మా?" అని అడుగుతాను.