అమ్మతో గుంటూరుకి, సీతారత్నమ్మ గారి పత్తి గోదాముకి

అరవైల తొలినాళ్లలో నేను పొదిలిలో పంతులమ్మగా ఉన్నప్పుడు అమ్మకి రొమ్ములో గడ్డ లేచింది. రాచపుండని, అంటే క్యాన్సరని అనుమానం రాగానే ఇరుగుపొరుగు మా ఇంటి గడప తొక్కడం మానేశారు. అమ్మ కూడా కంచం, గ్లాసు వేరు పెట్టుకుని వసారాలోకి మారిపోయింది. ఆస్పత్రి మాటెత్తితే, "కోయించుకోను. ఉన్నన్నాళ్లు ఇక్కడే ఉంటా" అనేది. అప్పుడే మా హెడ్మాస్టరు గారు గుంటూరు సీతారత్నమ్మ గారి సంగతి చెప్పారు. భర్త పోయాక ఆవిడ పత్తి మిల్లు పెట్టి, మగ వ్యాపారుల మధ్య నెగ్గుకొచ్చారు. తనకీ ఇదే జబ్బు వస్తే మద్రాసులో ఆపరేషను చేయించుకున్నారు. తిరిగొచ్చి కొన్నాళ్లు మిల్లు నడిపాక దాన్ని తమ్ముడికి అప్పగించి, తన గోదామును దూరాల నుంచి వచ్చే రోగులకి బసగా మార్చేశారు. "ఆవిణ్ణి చూసి వద్దాం, అంతే" అని బతిమాలి అమ్మని బయల్దేరదీశాను.

పొద్దున్నే మొదటి బస్సెక్కితే ఎండ ముదరకముందే ఒంగోలు చేరాం. అక్కణ్ణించి పాసింజరులో చీరాల, బాపట్ల మీదుగా తెనాలి వెళ్లి, బండి మారి గుంటూరులో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. మిరపకాయలు ఎండబోసే రోజులు. స్టేషను బయట ఘాటుకి అమ్మ ఒకటే దగ్గు. సీతారత్నమ్మ గారి గోదాము అనగానే రిక్షా అతను, "కూర్చోండమ్మా. మా మేనత్తని ఆమే దగ్గరుండి చూపించింది" అన్నాడు.

మేం వెళ్లేసరికి ఆవిడ స్వయంగా వడ్డిస్తున్నారు. అమ్మ పంక్తిలో కూర్చోకుండా, "నాకు దూరంగా పెట్టండమ్మా. గ్లాసు కూడా తెచ్చుకున్నా" అంది. సీతారత్నమ్మ గారు ఆ గ్లాసే తీసుకుని మజ్జిగ పోసుకుని సగం తాగారు.

"ఇది అంటుకునే జబ్బు కాదమ్మా. రా, కూర్చో."

అమ్మ మెల్లగా అడిగింది. "మీకు కోశారా?"

"కోశారు. నొప్పికి ఏడ్చాను. అద్దంలో చూసుకోవడానికి చాలా రోజులు మనసొప్పలేదు. తర్వాత మిల్లుకెళ్లి మళ్లీ బేరాలాడాను."

అమ్మ ఆవిడ పక్కనే కూర్చుని అన్నం కలుపుకుంది.

మర్నాడు ఆవిడే మమ్మల్ని ఆస్పత్రికి తీసుకెళ్లారు. డాక్టరు గారు పరీక్ష చేసి, అమ్మని బయట కూర్చోమని, "మీ మగవాళ్లెవరైనా వచ్చారా?" అని నన్నడిగారు.

సీతారత్నమ్మ గారు అమ్మ చెయ్యి వదల్లేదు. "జబ్బు ఈవిడదండీ. ఈవిడకే చెప్పండి."

"భయపడతారమ్మా."

"భయపడితే పట్టుకోవడానికి మేమున్నాం. ఏమీ తెలియకుండా ఊరికెళ్లిపోతే ఎవరుంటారండీ?"

డాక్టరు గారు చిరాకుపడ్డారు గానీ, చివరికి కుర్చీ అమ్మవైపు తిప్పుకున్నారు. గడ్డ ఇంకా చిన్నదేననీ, తీసేస్తే బతికే వీలుందనీ, ఖాయంగా మాత్రం చెప్పలేననీ అన్నారు.

"తీశాక పొలం పని చేసుకోవచ్చా?" అమ్మ అడిగింది.

"కొన్నాళ్లాగి చేసుకోవచ్చు."

"అయితే తీసెయ్యండి."

అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. పొదిలిలో ఏ ఆడమనిషైనా ఇలాంటి గడ్డ దాచుకుందని తెలిస్తే తనే వెంటబెట్టుకుని అదే దారిన గుంటూరు తీసుకెళ్లేది. డబ్బున్నవాళ్లు సత్రాలు కట్టించడం నేను చాలా చోట్ల చూశాను. డాక్టరు ఎదుట ఒక పేదరాలి తరఫున నిలబడి మాట్లాడినవాళ్లని మాత్రం ఆవిణ్ణొక్కదాన్నే చూశాను. ఇలాంటి ప్రయాణం చేయాల్సి వచ్చినవాళ్లకి ఒక్క మాట చెబుతాను. డాక్టరు గది బయట రోగిని కూర్చోబెట్టి మీరొక్కరే లోపలికి వెళ్లకండి. పక్కనే కూర్చోబెట్టుకుని, అడగాల్సిందేదో రోగే అడిగేలా చూడండి.