నాలుగో ఛానల్లో టోపీలు

ఆర్వో కాంగాస్ కంట మనిషి పడితే చాలు, టోపీ మార్చి నడిపించేవాడు. అదొక్కటే ఆయన పిచ్చి. మిగతా విషయాల్లో నిక్షేపంలాంటి మనిషి.

మిన్నెసోటా ఉత్తరాన మా ఊళ్ళో ఇనుప గని మూతపడ్డాక కొట్లూ ఒక్కొక్కటే మూతపడ్డాయి. మిగిలింది మంచు, మేము, ఆర్వో నడిపే బుల్లి టీవీ స్టేషను. ఎవరైనా గట్టిగా తుమ్మితే దాని సిగ్నలు పోయేది. ఒకటో ఛానల్లో నేను వార్తలు చదివేదాన్ని, ఎక్కువగా చావుకబుర్లే. రెండోదాంట్లో చర్చి ప్రార్థనలు. మూడోదాంట్లో ఆర్వోకి ప్రాణమైన పాత గుర్రాల సినిమాలు. నాలుగోదాంట్లో మాత్రం పొద్దస్తమానం మా స్టేషను ముందున్న వీధే. కిటికీలో కెమెరా పెట్టి వదిలేశాడు.

వీధిలో మనుషులేరీ? అందుకని ఆయనే కుంటుకుంటూ ఎర్ర టోపీతో అటు వెళ్ళి, బొచ్చు టోపీతో ఇటు వచ్చేవాడు. పోస్టుమాన్‌నీ వదిలేవాడు కాదు, నన్నూ వదిలేవాడు కాదు.

"ఇంకోసారి నడువమ్మా, ఈసారి ఆకుపచ్చది పెట్టుకో."

"చలికి చెవులు ఊడిపోతున్నాయండీ!"

"అందుకేగా టోపీ!"

ఇంతలో నగలమ్మే కంపెనీవాళ్ళు నాలుగో ఛానల్ని అద్దెకడిగారు. ఇవ్వకపోతే స్టేషను ఆ చలికాలం దాటేలా లేదు.

"ఖాళీ వీధిని ఎవరు చూస్తారండీ?" అని నిలదీశాను.

ఆయన మొహం వాడిపోయింది. "కొండమీద వృద్ధాశ్రమంలో మన గనివాళ్ళున్నారు కదమ్మా. మంచంమీంచి వాళ్ళకి కనిపించే ఊరు అదే. ఖాళీ అయిపోయిందని తెలిస్తే తట్టుకోలేరు."

కానీ కరెంటు బిల్లుకి జాలి ఉండదు కదా. చివరికి ఒప్పుకున్నాడు. సోమవారం నాలుగో ఛానల్లో నగలు మెరిశాయి. ఆర్వో టోపీలన్నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను చూడలేకపోయాను.

మధ్యాహ్నం ఫోను మోగింది. ఒకప్పుడు గని క్యాంటీను నడిపిన ముసలావిడ ఇంపి సారెలా, ఆశ్రమం నుంచి.

"ఏమే, ఆర్వో పోయాడా?"

"అయ్యో, లేదండీ! ఇక్కడే ఉన్నారు."

"మరి నడవడేం? పొద్దున్నుంచీ పందేలు కాసి కూర్చున్నాం."

"పందేలా?"

"ఏ టోపీ ముందొస్తుందోనని! ఓడినవాళ్ళు కేకు ముక్క ఇచ్చెయ్యాలి."

"అంటే... దాదాపు అన్ని టోపీలూ ఆయనేనని తెలుసా?"

"టోపీ మారిస్తే కుంటికాలు మారుతుందటే? ఊరు పోయిందని మాకు తెలీదా? వాడు నడుస్తున్నాడు, మాకది చాలు."

ఈ మాట చెబితే ఆర్వో చెవులు ఎర్రబడ్డాయి. లేచి, తన గుర్రాల సినిమాలు ఆపేసి నగలవాళ్ళను మూడో ఛానల్లోకి తోశాడు. నాలుగోదాంట్లోకి వీధి తిరిగొచ్చింది. ఎర్ర టోపీ అందుకున్నాడు, బొచ్చుది అందుకున్నాడు, ముసిముసిగా నవ్వి రెండూ బల్లమీద పడేశాడు. బట్టతలతోనే మంచులోకి నడిచాడు.

ఫోను మళ్ళీ మోగింది.

"దొంగ వెధవ!" అంది ఇంపి నవ్వాపుకోలేక. "అందర్నీ ఓడించాడే!"