అడ్డగీత లేని A

ఈ రోజు బ్యాంకు లాకరు తెరవడానికి వెళ్లి, నా సంతకం నాదేనని నిరూపించుకోలేక తిరిగొచ్చాను. ఇన్నాళ్లూ ఆ పని మా ఆవిడే చూసుకునేది. మోకాలి ఆపరేషనై మంచం మీద ఉంది. ఇంటి కాగితాలేమో రేపటికల్లా కావాలి.

పాతికేళ్ల కిందట లాకరు కార్డు మీద చేసిన నా సంతకంలో A కి అడ్డగీత ఉందట. ఇవాళ్టి దానికి లేదు.

"ఆనందరావు గారూ, మీరు మీరేనని నాకు తెలుసండి. కార్డు మీద సంతకం ఒప్పుకోవట్లేదు కదండీ," అన్నారు కౌంటరు మేడం.

అడ్డగీతను మింగేసింది అరచేతి కంప్యూటరు. నేను మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌గా తిరిగే రోజుల్లో అది కొత్త. తెర మీద ప్లాస్టిక్ పుల్లతో రాయాలి. మన రాత దానికి తెలియదు, దాని రాతే మనం నేర్చుకోవాలి. A కి అడ్డగీత గీస్తే ఒప్పుకునేది కాదు. తుని నుంచి పాలకొల్లు దాకా డాక్టర్ల గదుల బయట కూర్చుని అలాగే రాశాను. యంత్రం ఎప్పుడో మూలపడింది. చెయ్యి మాత్రం మారలేదు.

మేడం ఇచ్చిన కాగితం మీద అడ్డగీతలు పెట్టి పదిసార్లు సంతకం చేశాను. ఆవిడ జాలిగా చూసి, "ఇవి ఎవరో మీ సంతకాన్ని ఫోర్జరీ చేసినట్టున్నాయండి," అన్నారు.

మిత్రులారా, పాతికేళ్ల కిందట నేను సంతకం చేసి కానుకగా ఇచ్చిన పుస్తకమేదైనా మీ దగ్గరుంటే ఈ పోస్టు కింద ఫొటో పెట్టండి. చూసి నేర్చుకుంటాను.