తప్పంతా గోడలదే

మా మేళంలో మైకుల పని చూసే వలీకి ఒకే ఒక్క సిద్ధాంతం ఉంది. పాట చెడిందంటే తప్పు పాడినవాళ్లది కాదు, గోడలది.

ఏ గదిలో అడుగుపెట్టినా ముందు గట్టిగా ఒక చప్పట కొడతాడు. తల పక్కకు వంచి, తిరిగొచ్చే చప్పుడు వింటాడు. ఆ తరువాత తీర్పు చెబుతాడు.

"గోడలు మస్తు వాగుతున్నయ్, సర్పంచ్ సాబ్."

సర్పంచ్ సాబ్ అంటే నేనే. పేరు చంద్రప్ప. బంట్వారం పక్కన మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆ బడిలో రోజూ ప్రార్థన పాడినవాణ్నీ నేనే, సర్పంచునయ్యాక దాని పెంకులు తీయించి స్లాబు వేయించినవాణ్నీ నేనే. హార్మోనియం నాకెవరూ నేర్పలేదు. కన్నడ పాటా, తెలుగు పాటా ఒకే పెట్టె మీద ఇంత శుద్ధంగా పలికించే మనిషి తాండూరు చుట్టుపక్కల ఇంకొకడుంటే చూపించమని ఇప్పటికీ అడుగుతుంటాను. ఇంతవరకూ ఎవరూ చూపించలేదు. మేళం పెట్టింది నేను. అందులోకి వలీని తెచ్చిందీ నేనే. నేను చేసిన మంచి పనుల్లో ఇది స్లాబు తరువాత వస్తుంది.

తాండూరులో ఫంక్షన్ హాలంటే నేలకు నాపరాయి, గోడలకు నాపరాయి, మెట్లకు నాపరాయి. మన రాయి మనకు గొప్పే. కాని అందులో పాట ఎత్తుకుంటే, అది నాలుగు గోడలకూ తగిలి, వచ్చిన చుట్టాలందరినీ పలకరించి, మనం రెండో చరణంలో ఉండగా తిరిగొస్తుంది. కొత్త సామాను కొనే స్తోమత మాకు లేదు. అందుకు వలీ కనిపెట్టిన మందు బొంతలు. వాళ్లమ్మ జమాలున్నీసా పాత చీరలతో కుట్టిన బొంతలన్నీ ఆటోలో వేసుకొచ్చి గోడల నిండా వేలాడదీస్తాడు.

ఒక పెళ్లిలో పిల్ల తండ్రి మమ్మల్ని పక్కకు పిలిచాడు.

"మీరు పాడనీకి వచ్చిండ్రా, పండనీకి వచ్చిండ్రా?"

"పండేది మేం కాదు సేటూ, మీ గోడలు," అన్నాడు వలీ.

పాట వినిపించడం లేదంటే లోకంలో ఎవరైనా సౌండు పెంచుతారు. వలీ తగ్గిస్తాడు. మా డోలక్ మహేష్ దగ్గర ముందుగా తగ్గిస్తాడు.

"అన్నా, పాట వినొస్తలేదంటే నా డోలక్ ఎందుకు తగ్గిస్తవే?"

"పెద్దమనిషి మాట్లాడుతుంటే వినొస్తలేదనుకో. ఆయనను అరవమంటవా, పక్కోళ్లను నోరు మూసుకోమంటవా?"

"నేను పక్కోన్నా?"

"జర దూరం పక్కోనివి."

మా ఊళ్లో బిచ్చయ్య అనే ఆయన పోయినప్పుడు పరామర్శకు నా వెంట వస్తానన్నాడు వలీ. వద్దనలేకపోయాను. వాకిలి దాటి లోపల అడుగు పెట్టీ పెట్టగానే చప్పట కొట్టాడు. ఏడుపులు ఆగిపోయాయి. బిచ్చయ్య కొడుకు లేచి నిలబడ్డాడు.

"ఏం పని గిది?"

"మాఫ్ చెయ్యి తమ్మీ. మట్టి గోడలు, మస్తున్నయ్. ఎంత మెల్లగ ఏడ్చినా సాఫ్‌గ వినొస్తది," అన్నాడు వలీ.

ఆ ఇంటివాళ్లు చాలా రోజులు మాతో మాట్లాడలేదు. సంవత్సరీకానికి భజన పెట్టించి మాత్రం మమ్మల్నే పిలిచారు. గది బాగుందని మేమే చెప్పాం కదా అన్నారు.

మా మేళానికి గొంతు మా తమ్ముడి బిడ్డ మనోరమ. నిరుడు ఆమె మెడలో గడ్డకు ఆపరేషన్ అయింది. మాట బాగానే వచ్చింది. పాట పైకి వెళ్లేటప్పుడు మాత్రం గొంతు పట్టేసేది. మైకు పక్కన పెట్టేసి, బతిమాలినా ముట్టలేదు. చివరికి వికారాబాద్‌లో ఒక పెళ్లి విందుకు ఒప్పుకుంది.

"గీ ఒక్కపారి పాడుత, పెద్దనాయినా. గొంతు పలకకపోతే ఇగ మైకు ముట్ట. మల్ల నన్ను అడగొద్దు."

విందు ఊరి బయట మైదానంలో. ఎదురుగా దూరంగా అనంతగిరి గుట్టలు. గోడలు లేవు, పైకప్పు లేదు. అది చూసి వలీ ముఖం చిన్నబోయింది. బొంతలకు పని లేదని బాధేమో అనుకున్నాను.

మనోరమ మొదటి చరణం నిలకడగానే పాడింది. రెండో చరణం పైకి ఎత్తుకోగానే గొంతు కీచుమని ఆగిపోయింది. డోలక్ ఆగింది. విస్తళ్ల ముందున్నవాళ్లు తలలెత్తారు. ఆమె మైకు కింద పెట్టడానికి వంగింది.

వలీ సౌండు మిషను వదిలేసి స్టేజీ మధ్యకు వచ్చాడు. గట్టిగా చప్పట కొట్టాడు. తల వంచి విన్నాడు. ఇప్పుడు దేన్ని తిడతాడా అని నేనూ మహేషూ చూస్తున్నాం.

"గుట్ట తప్పు," అన్నాడు.

"ఏం గుట్టరా?" అన్నాను.

"గా అనంతగిరి గుట్ట. మన శ్రుతికి తట్టుకుంటలేదు, తిప్పి కొడుతున్నది. పెట్టె మీద జర రెండు మెట్లు దిగుండ్రి, సర్పంచ్ సాబ్. గుట్ట కోసం."

కింద నుంచి పెళ్లికొడుకు మేనమామ లేచాడు. "గుట్ట గంత దూరముంటే, దానికి మీ పాట వినొస్తదా?"

"వినొచ్చినందుకే కద పరేషాన్!"

మనోరమ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు మైకులోంచి మైదానమంతా వినిపించింది.

"చూడుండ్రి, మైకుల ఏం లోపం లేదు," అన్నాడు వలీ. మైకు ఆమె మూతికి దగ్గరగా జరిపి, వెళ్లి డోలక్ తగ్గించాడు.

మంత్రుల సభల్లో కూడా శ్రుతి దించని వాణ్ని నేను. ఒక గుట్ట కోసం దించాను. మనోరమ మళ్లీ ఎత్తుకుంది. పాత గొంతు కాదది. కొంచెం బరువుగా, నెమ్మదిగా, దగ్గర కూర్చుని చెప్పినట్టుగా వచ్చింది. చివరిదాకా ఎక్కడా ఆగలేదు. అయిపోగానే, ఇందాక లేచిన మేనమామే ఇంకో పాట అడిగాడు.

సామాను సర్దేటప్పుడు వలీని పట్టుకున్నాను.

"నిజం చెప్పు. గుట్ట నుంచి నీకేమన్న వినొచ్చిందా?"

"గంత దూరం నా చప్పట ఏడ పోతది, సాబ్? ఆపరేషన్ అయినంక చెల్లె గొంతు జర కిందికి దిగింది. గా మాట గంతమంది ముందట ఆమెకెట్ల చెప్త? గుట్టనైతే ఎంతన్న అనొచ్చు, దానికి రోషం రాదు."

ఇన్నేళ్లుగా అతను తిట్టిన గోడలన్నీ నాకు వరసగా గుర్తొచ్చాయి. మహేష్ తాళం తప్పిన ప్రతిసారీ ఏదో ఒక గోడ మాట పడింది. నా విషయంలో అవి నిజంగా గోడలే అయ్యుంటాయి. అడగలేదు.

తిరుగు దారిలో ఆటోలో మనోరమ ఉన్నట్టుండి అంది. "వలీ అన్నా, వచ్చే వారం బంట్వారంల ప్రోగ్రామున్నది కద. చేన్ల నడుమ. ఆడ గోడ లేదు, గుట్ట లేదు. మరి నేను పాడితే ఎట్ల?"

వలీ బొంతల మధ్య సర్దుకుని కూర్చున్నాడు.

"గాలున్నది కద, చెల్లె."