బంతి లేని వీడియోలు

ఇక్కడ అమెరికాలో మా అబ్బాయి స్కూల్ టీమ్‌లో ఫుట్‌బాల్, అదే చేత్తో బంతి పట్టుకుని పరుగెత్తే ఆట, ఆడిన రెండేళ్లలో నేను తీసిన వీడియోలు వందకు పైనే ఉంటాయి. ఒక్కదాంట్లోనూ బంతి సరిగ్గా కనిపించదు. స్టాండ్స్‌లో అందరి ఫోన్లూ బంతి వెంట తిరుగుతుంటే నా ఫోను మాత్రం మా వాడి మీదే ఉండేది. పక్కన కూర్చునే స్నేహితురాలి కొడుకు బంతి అందుకుని అవతలి గీత దాటేదాకా పరుగెత్తేవాడు, దాన్నే టచ్‌డౌన్ అంటారు. ఆవిడ నా ఫోన్‌లోకి తొంగి చూసి, "ఇందులో టచ్‌డౌన్ ఎక్కడుందండీ? ఒకళ్లనొకళ్లు తోసుకోవడమే కనిపిస్తోంది," అని నవ్వేది. కాకిపిల్ల కాకికి ముద్దు. నాకేం సిగ్గు?

అసలు మా వాడి పనే తోసుకోవడం. బంతి విసిరే కుర్రాడి ముందు ఐదుగురు గోడలా నిలబడతారు, ఆ వరసనే లైన్ అంటారు. అవతలివాళ్లు అతని మీద పడకుండా ఆపాలి. బాగా ఆపితే వాళ్ల ఊసే ఎవరూ ఎత్తరు, ఆపలేకపోతే స్టాండ్స్ అంతా ఎత్తుతుంది. ఆ ఐదుగురిలో మధ్యవాడు సెంటర్, అది మా అబ్బాయి. వాడికి ఎడమ పక్కన లెఫ్ట్ గార్డ్, మా వీధి చివరి ఇంటి కుర్రాడు. తెలుగువాడు కాదు. వాళ్లమ్మ హాస్పిటల్లో నర్సు, సాయంత్రాలే డ్యూటీ. అందుకని ప్రాక్టీస్ అయినా గేమ్ అయినా ఇద్దరినీ నేనే కార్‌లో ఇంటికి తెచ్చేదాన్ని. మా వాడు నా పక్కన, ఆ అబ్బాయి వెనక సీట్లో. దిగేటప్పుడు "థాంక్యూ ఆంటీ" అనడం తప్ప నోరు విప్పేవాడు కాదు.

పోయిన సీజన్‌లో ఆ గోడకు కన్నం పడింది. అవతలివాళ్లు సెంటర్‌కీ లెఫ్ట్ గార్డ్‌కీ మధ్య నుంచే దూరి, బంతి విసిరేవాణ్ని పడగొడుతూ వచ్చారు. తప్పు లెఫ్ట్ గార్డ్‌దేనని స్టాండ్స్‌లో తీర్మానించేశారు. కోచ్ కూడా అతన్నే కేకలేసేవాడు. నాకూ అలాగే కనిపించింది. ఒక గురువారం ఓడిపోయి వస్తుంటే ఒళ్లు మండి, వెనక ఆ అబ్బాయి ఉన్నాడు కదా అని తెలివిగా తెలుగులోకి దిగాను.

"చెప్తున్నా విను. మీ లైన్‌లో లెఫ్ట్ గార్డే వీక్. నెక్స్ట్ ఇయర్ రీప్లేస్ చేయకపోతే ఈ లైన్‌కి ఫ్యూచర్ లేదు."

మా వాడు కిటికీలోంచి బయటికి చూశాడు. వెనక అబ్బాయి ఎప్పటిలాగే థాంక్యూ చెప్పి దిగిపోయాడు.

సీజన్ అయిపోయాక కోచ్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. మా వాళ్లది స్కూల్ రెండో టీమ్. వచ్చే ఏడాది పెద్ద టీమ్‌లోకి ఈ ఐదుగురిలో ఎవరిని తీసుకోవాలో, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో ఆయన తేల్చాలి. స్కూల్ తీసిన వీడియోలు బంతి వెంటే పోతాయి. లైన్ కుర్రాళ్ల అడుగులు కనిపించేవి మీ దగ్గర ఉన్నాయట, పంపగలరా అని అడిగాడు. నేను పొంగిపోయి ముందు ఆ స్నేహితురాలికి ఫోన్ చేసి చెప్పాను.

ఆఫీసులో నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. చూడకుండా ఏదీ పంపే అలవాటు లేదు. శనివారం పొద్దున కాఫీ కలుపుకుని, మా వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని రూల్స్ అడిగాను. ప్రతిసారీ బంతి కదిలే ముందు సెంటర్ వేలు చూపించి అరుస్తాడు. ఇన్నాళ్లూ అవతలివాళ్లను తిడుతున్నాడనుకున్నాను. ఎవర్ని ఎవరు ఆపాలో చెప్పడమట. ఎడమ వైపు చూపిస్తే, "లోపలివాడు నావాడు, బయటివాడు నీవాడు," అని గార్డ్‌కు మాట ఇచ్చినట్టు.

అది తెలిశాక వీడియోలు వేరేగా కనిపించాయి. మా వాడు ఎడమకు వేలు చూపిస్తాడు. ఆ మాట నమ్మి గార్డ్ బయటివాడి మీదికి వెళతాడు. తీరా చూస్తే మా వాడు కుడికి తిరుగుతాడు. లోపలివాడు ఖాళీగా ఉన్న దారిలోంచి దూరిపోతాడు. బంతిని చూసేవాళ్లకు గార్డ్ ఓడిపోయినట్టే ఉంటుంది. ఒకసారి అయితే పొరపాటు అనుకుందును. ఆట ఆటకీ అదే.

"నీకు తెలుసా ఇది?" అన్నాను.

"తెలుసు."

"మరి కోచ్ ఆ అబ్బాయిని తిడుతుంటే?"

"కోచ్ నన్ను ఆస్క్ చేయలేదు. వాడు కూడా ఎవరికీ చెప్పలేదు."

నాకు కోపం ఆగలేదు. తప్పు నీదై ఉండి వాణ్ని తిట్లు తిననిస్తావా అని అరిచాను. వాడు నన్నే చూస్తూ, "నువ్వు కూడా అన్నావ్ కదా, కార్‌లో," అన్నాడు.

"తెలుగులో అన్నాను."

"లెఫ్ట్ గార్డ్, వీక్, నెక్స్ట్ ఇయర్, రీప్లేస్, ఫ్యూచర్. అందులో తెలుగు ఎక్కడుంది అమ్మా?"

తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత రోజూ వెనక సీట్లోంచి వినిపించిన థాంక్యూలన్నీ గుర్తొచ్చాయి.

మధ్యాహ్నం మా ఆయన విషయం విని, "కోచ్ ఏమైనా లెక్కపెట్టి అడిగాడా? మనవాడు బాగా ఆడినవి పంపు చాలు. ఇంటిగుట్టు లంకకు చేటు," అన్నారు. ఆయన్ను అనడమెందుకు, నేనూ మా వాడి తప్పు బాగా కనిపించే నాలుగు వీడియోలు పక్కన పెట్టాను. పెద్ద టీమ్‌లో సెంటర్‌గా నిలబడాలని మా వాడు ఆరో క్లాసు నుంచీ కలలు కంటున్నాడు. సాయంత్రం వాడే వచ్చి, లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, ఆ నాలుగూ మళ్లీ చేర్చి పంపేశాడు. నేను అడ్డు చెప్పలేదు.

వారం తిరక్కుండా కోచ్ పిలిచి చెప్పాడట, సెంటర్‌గా ఆ అబ్బాయిని చూస్తామని, మా వాడు లెఫ్ట్ గార్డ్‌కు మారాలని. ఆ మాట చెప్పేసి వాడు గదిలోకి వెళ్లిపోయాడు, భోజనానికి రాలేదు. నాకు ఏడుపొచ్చింది. న్యాయమే జరిగిందని తెలిసినా వచ్చింది.

మర్నాడు స్కూల్ జిమ్‌లో కసరత్తు అయ్యాక ఇద్దరినీ తీసుకురావడానికి వెళ్లాను. మా వాడు ముందు సీటు వదిలేసి వెనక ఎక్కాడు. అద్దంలో చూస్తే ఇద్దరి మధ్యా ఫోను, అందులో నా వీడియో. మా వాడు తెర మీద వేలు పెట్టి తనను తనే చూపించుకుంటూ మెల్లగా ఏదో చెబుతున్నాడు. ఆ అబ్బాయి తల ఎత్తకుండా చూస్తున్నాడు.

వీధి చివర కారు ఆపి వెనక్కి తిరిగాను. పొద్దుట్నుంచీ ఇంగ్లీషులో కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు. "ఆ రోజు నేనన్నది తప్పు, సారీ," అన్నాను.

"ఇట్స్ ఓకే ఆంటీ," అన్నాడు, కానీ దిగలేదు. ఆ వీడియోలు తనకు కూడా పంపుతారా అని అడిగాడు.

"ఇవెందుకు నాన్నా, అందరూ నిన్ను తిట్టిన ఆటలివి. మంచివి వెతికి పంపుతాలే."

"ఏవైనా పర్లేదు ఆంటీ. నేను ఆడటం మా అమ్మ ఒక్కసారి కూడా చూడలేదు."