అంగిట్లో తెల్లమచ్చ

పప్పుచారన్నం ఒక ముద్ద తిని అమ్మ కంచం పక్కకు నెట్టేసింది. "మంటే! కారం ఏటిలా కుమ్మరించేసేవు?" అంది. పిల్లల కోసం ఆ రోజు కారం తగ్గించే చేశాను.

అది డెబ్భైల చివర, వానాకాలం. మా ఆయన భిలాయి ఉక్కు ప్లాంటులో ఫోర్‌మన్. సెక్టర్ 4 క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్న పోయాక అమ్మ శ్రీకాకుళం వైపు మా ఊరు విడిచి మా దగ్గరకు వచ్చేసింది.

అమ్మ అడ్డచుట్ట తాగేది. అంటే నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని తాగడం. మా వైపు ఆడవాళ్ళలో ఇది వింత కాదు. నేనూ పెళ్ళికి ముందే అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నాను. భిలాయి వచ్చాక స్నానాలగది తలుపు వేసుకుని తాగి, సోంపు నమిలి బయటకు వచ్చేదాన్ని. లైబ్రరీ పుస్తకాలు చదివే మనిషినని పక్క క్వార్టర్ల దీదీలకు నా మీద గౌరవం.

ప్లాంటు ఆస్పత్రిలో మాకు వైద్యం ఉచితం. మెడికల్ బుక్కులో నా పేరు, పిల్లల పేర్లు, మా అత్తమామల పేర్లు ఉండేవి. భార్య తల్లికి అందులో చోటు లేదు. అందుకని అమ్మను దుర్గ్‌లో ఒక ప్రైవేటు డాక్టరుకు చూపించాను. ఆయన నోట్లోకి టార్చి వేసి, అంగిట్లో తెల్లమచ్చ ఉందన్నాడు. "బీడీ, తంబాకూ?" అని పొగాకు అలవాటు గురించి అడిగాడు.

"నహీఁ," అన్నాను. అమ్మకు హిందీ రాదు.

అల్సర్ అనుకుని ఆయన విటమిన్ మాత్రలు, నోటికి పూతమందు ఇచ్చాడు. వెళ్ళినప్పుడల్లా ఫీజు, కొత్త మందు. చలికాలానికి అక్కడ గడ్డ లేచింది. డాక్టరు మళ్ళీ తంబాకూ సంగతి అడిగాడు. ఈసారి ఆ ఒక్క మాట అమ్మకు అందింది. రొంటిన దోపుకున్న చుట్టముక్క తీసి, తిరగేసి నోట్లో పెట్టి చూపించింది.

"అరే, ఉల్టా!" అని డాక్టరు లేచి నిలబడ్డాడు. తర్వాత నా వైపు వేలు చూపించి, ఇంట్లో ఇంకెవరికైనా ఈ అలవాటు ఉందా అని అడిగాడు.

ఆ వేలు అమ్మకు అర్థమైంది. "అది పుస్తకాలు సదూకున్న పిల్ల నాయనా. దానికిలాటియి తెలీవు," అంది.

ఆ మాటను నేనే హిందీలో ఆయనకు చెప్పాను.

నాగపూర్‌లో బయాప్సీ చేశారు. కార్సినోమా, అంటే క్యాన్సరు. "కొన్ని నెలల ముందు తెచ్చి ఉండాల్సింది," అన్నాడు అక్కడి డాక్టరు. రేడియేషన్ మొదలుపెట్టారు. దానికి నా గాజులు అమ్మాం. సిట్టింగులు సగం అయ్యాక, రైలు ఎక్కబోతూ దుర్గ్ స్టేషన్లో అమ్మ నా చేతులు చూసింది.

"సుట్ట కాల్చింది నాను. నీ గాజులెందుకే కరగాల?" అని బెంచీ మీద కూర్చుండిపోయింది. ఎంత బతిమాలినా లేవలేదు. రైలు వెళ్ళిపోయింది. ఏడ్చాను. కానీ లోపల ఎక్కడో బరువు దిగినట్టు కూడా అనిపించింది. ఎండలు ముదరకముందే అమ్మ పోయింది.

పదోరోజుకు భిలాయిలోనే ఖుర్సీపార్ నుంచి వచ్చిన మేనమామ, "ఏటమ్మా, కోరి తెచ్చుకున్న రోగానికి గాజులు కూడా అమ్మేసేవా?" అన్నాడు. ఆయన ఆ మాట అనేటప్పటికి నా బొడ్డున కూడా చుట్ట ఉంది.

అద్దం, టార్చి పట్టుకుని నా నోరు చూసుకున్నాను. అమ్మకున్న చోటే తెల్లమచ్చ.

ప్లాంటు ఆస్పత్రిలో మా ఆయన పక్కన కూర్చుని ఉండగా, నేనూ అడ్డచుట్ట తాగుతానని డాక్టరుకు చెప్పాను. ఆయన తల తిప్పి నన్ను చూసి, మళ్ళీ గోడ వైపు చూశారు. "లూకోప్లాకియా. ఇంకా ముదరలేదు. చుట్ట మానేసి క్రమం తప్పకుండా రండి," అన్నాడు డాక్టరు. బయాప్సీ చేశారు, మందులిచ్చారు. ఎవరూ పైసా అడగలేదు. ఆ ఉచిత మందుల పొట్లం పట్టుకుని ఇంటికి నడుస్తుంటే తల ఎత్తలేకపోయాను.

చుట్ట మానేసి కొన్నేళ్ళయింది. మచ్చ పలచబడింది. పప్పుచారు మంట లేకుండా తినగలుగుతున్నాను.

పెద్దవాళ్ళను డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే, వాళ్ళ అలవాట్లు వాళ్ళనే చెప్పనివ్వండి. భాష రాకపోతే, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు చెప్పండి. మీకూ అదే అలవాటుంటే ఆ రోజే, ఆ టార్చి ముందే, మీ నోరు కూడా తెరవండి.