ట్రయల్ బాబాయి, చక్రాల కుర్చీ

ట్రయల్ బాబాయికి ఒకటే పిచ్చి. ఏ వస్తువైనా సరే, తాను వాడి చూడనిదే దాన్ని తయారుచేసే కంపెనీలో పెట్టుబడి పెట్టడు. అలాగని రిపోర్టులు చదవడని కాదు. శ్రద్ధగా చదువుతాడు, పక్కన పెడతాడు, "ఏదీ, వస్తువు పట్రా!" అంటాడు.

ఆయన నడిపే సంస్థ పని చెప్పుకోవడానికి మహా గంభీరంగా ఉంటుంది: నలుగురికీ మేలు చేస్తూనే లాభం తెచ్చే చిన్న కంపెనీలను వెతికి పట్టుకుని, డబ్బు పెట్టి నిలబెట్టడం. ఆఫీసు మాత్రం అప్పుడే లారీలోంచి సామాను దించినట్టుండేది. మీటింగు గదిలో కరెంటు అక్కర్లేని ఫ్రిజ్జు, కిటికీ దగ్గర కాలితో తొక్కే వాషింగ్ మెషీను. దాన్ని తొక్కుతూ ఆయన ఫోన్లో మాట్లాడుతుంటే అవతలివాళ్లు హడలిపోయేవారు.

"అయ్యో, ఆయాసమా సార్?"

"అబ్బే, చొక్కాలు!"

బ్యాంకు ఉద్యోగం వదిలేసి ఇందులో చేరింది కొత్తమ్మాయి. ఏళ్లు గడిచినా ఆఫీసులో ఆమె పేరు కొత్తమ్మాయే. ఆమె చేరిన రోజున బాబాయి రెండు చెవుల్లోనూ వినికిడి యంత్రాలు పెట్టుకుని ఎదురొచ్చాడు.

"మీకు వినపడదా సార్?"

"శుభ్రంగా వినపడుతుంది. ఇవాళ పక్క గదిలో నన్ను తిట్టుకునేది కూడా వినపడుతోంది!"

ఇంటికెళ్తే అమ్మ అడిగింది, "ఇంతకీ నీ పనేమిటే అక్కడ?"

"మా సార్‌ని వస్తువుల్లోంచి బయటికి లాగడం."

కొన్నాళ్లకు కొత్తమ్మాయి తనంతట తాను ఒక కంపెనీని వెతికి పట్టుకొచ్చింది. ఒక అక్కాతమ్ముళ్ల వర్క్‌షాపు అది. అక్కకి కాళ్లలో చలనం లేదు. ఆమె కోసం తమ్ముడు గతుకుల దారిలోనూ నడిచే చక్రాల కుర్చీ చేశాడు. చూసినవాళ్లు మాకూ మాకూ అన్నారు. చెయ్యడానికి చేతిలో పెట్టుబడి లేదు. ఈసారి ఎవరూ ఆదుకోకపోతే నెలాఖరుకి వర్క్‌షాపుకి తాళమే. కొత్తమ్మాయి నానా తంటాలు పడి వాళ్లని, డబ్బు పెట్టాలో వద్దో తేల్చే ఆఫీసు కమిటీ దాకా తీసుకొచ్చింది.

"ఆగండాగండి, ముందు ట్రయల్!" అంటూ బాబాయి కుర్చీ ఎక్కి కారిడార్లో రెండు చక్కర్లు కొట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్కడితో ఆగితే ఆయన ట్రయల్ బాబాయి ఎందుకవుతాడు? గేటు దగ్గరి వాలుదారి మీదికి పోనిచ్చాడు. సగం దిగాక బ్రేకు పట్టు తప్పింది. కుర్చీ గోడకి, బాబాయి పూలకుండీల మధ్యకి. కుడిచెయ్యి విరిగింది.

"ఇక ఆ ఫైలు మూసేయండి," అన్నారు కమిటీవాళ్లు. తమ్ముడి మొహంలో నెత్తురుచుక్క లేదు. కొత్తమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ.

మర్నాడు అక్కాతమ్ముళ్లు, కొత్తమ్మాయి ముగ్గురూ బిక్కుబిక్కుమంటూ ఆస్పత్రికి వెళ్లారు. చేతికి కట్టుతో బాబాయి మంచం మీద హాయిగా కూర్చుని ఉన్నాడు.

"ఈ వయసులో మీకెందుకు సార్ ఈ సాహసాలు? ఇంకెవరినైనా ఎక్కించి చూస్తే పోయేది కదా!" కొత్తమ్మాయికి కోపం ఆగలేదు.

"ఎవరిని పెడతావమ్మాయీ? నేను పడితే నాలుగు తిట్లు తిట్టుకుని లేస్తాను. అదే ఈ తల్లి పడితే?"

అక్క కళ్లు తుడుచుకుంది. ఇన్నాళ్లూ ఇదంతా చాదస్తమనుకున్న కొత్తమ్మాయికి గుండె నిండిపోయింది. ఎవరి దగ్గర పని నేర్చుకునే అదృష్టం తనకు దక్కిందో అప్పుడు తెలిసింది. ఈ రంగంలో పైకి రావాలంటే ఏం చదవాలి మేడమ్ అని ఇప్పుడు ఎవరడిగినా, "చదువుదురుగాని, ముందు వాడి చూడండి," అంటుంది.

తమ్ముడు మంచం దగ్గరికి జరిగాడు. "సార్, మరి మా వర్క్‌షాపు..."

"పొద్దున్నే కమిటీవాళ్లని పిలిపించి ఒప్పించాను. ఎడమచేత్తో సంతకం కూడా పెట్టేశాను, కోడిగీతల్లా వచ్చిందనుకో. కానీ ఆ బ్రేకు మార్చి తెచ్చి నాకు చూపించాకే అమ్మకాలు."

"అమ్మో, మళ్లీ మీరేనా సార్?"

"ఏం, ఇంకో చెయ్యి నిక్షేపంలా ఉందిగా!"